పోగ్స్ పాటలతో 25 నిమిషాల సెట్: విజిల్, అకార్డియన్, బ్యాంజో, సౌండ్ గురించి సలహాలు కావాలి

మూసీ_తీరం:

నమస్తే. మార్చి 17న, సెయింట్ పాట్రిక్స్ డే సాయంత్రం, హైదరాబాద్‌లో ఒక చిన్న రెస్టారెంట్ ఓపెన్ మైక్‌లో మాకు 25 నిమిషాలు దొరికాయి. ఆరుగురమూ పోగ్స్ (ఐరిష్ జానపదాన్ని పంక్‌తో కలిపి వాయించిన బ్యాండ్) పిచ్చోళ్ళమే. అందుకే వేరే ఎవరి పాటా వద్దు, మొత్తం వాళ్ళవే అని పట్టు మీదున్నాం.

ఉన్న సరంజామా ఇదీ. గొంతు, అకౌస్టిక్ గిటార్ ఒకరు. బేస్ ఒకరు. డ్రమ్స్ ఒకరు. కర్ణాటక వేణువు వాయించే అమ్మాయి టిన్ విజిల్ (ఆరు రంధ్రాల చిన్న పిల్లనగ్రోవి) అందుకుంటానంటోంది, ఆడగొంతు భాగాలు కూడా తనవే. భజనల్లో హార్మోనియం వాయించే అతను అరువు తెచ్చిన 72 బేస్ పియానో అకార్డియన్‌తో కుస్తీ పడుతున్నాడు. ఆరో మనిషి మాండొలిన్. బ్యాంజో లేకపోతే పోగ్స్ ఏమిటి అని అతను బ్యాంజో కొనే పనిలో ఉన్నాడు.

సమస్య: పాట మొదట్లో బాగానే ఉంటోంది. రెండో చరణానికి వచ్చేసరికి వేగం పెరిగిపోయి, కోరస్‌లో ఎవరి దారి వారిదవుతోంది. ఏ పాటలు ఎంచుకోవాలి, ఏ శ్రుతిలో, ఏ వరసలో? విజిల్, అకార్డియన్ కొత్తవాళ్ళు ఏం చూసుకోవాలి? తెలిసినవాళ్ళు విడమరిచి చెప్పండి.

కింగ్స్‌క్రాస్_82:

ముందు ఆ విడిపోవడం సంగతి చూద్దాం. పోగ్స్ అనగానే తాగి తూలుతూ వాయించే గుంపు అని ఒక బొమ్మ అందరి మనసులో పడిపోయింది. ఓసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాట వదిలేసి కింద ఏం జరుగుతోందో వినండి. తూలేది గొంతు ఒక్కటే. బేస్, స్నేర్ (డ్రమ్స్‌లో చురుక్కుమని మోగే చిన్న డ్రమ్), గిటార్ మూడూ మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటాయి. గాయకుడు షేన్ మెక్‌గవన్ ఒక మాటను వెనక్కి లాగినా, ఇంకో మాటను ముందుకు తోసినా చెల్లుబాటయ్యేది అందుకే. అభిమానుల బ్యాండ్లు ఎక్కువగా పోయేది ఇక్కడే: గొంతులో తూలుడు చూసి మొత్తం బ్యాండ్ తూలుతుంది.

వేగం పెరగడానికి మామూలు కారణం గిటార్. రెండు బీట్ల పాటల్లో బేస్ 'ధుమ్' అంటే గిటార్, స్నేర్ కలిసి 'చక్' అనాలి. ఉత్సాహంలో ఆ 'చక్' వెంట్రుకవాసి ముందు పడుతుంది. బేస్ దాన్ని అందుకోబోతుంది, డ్రమ్మర్ బేస్‌ని అందుకోబోతాడు. నిమిషంలో పాట పట్టాలు తప్పుతుంది. మందు ఒకటే: మెట్రోనోమ్‌ని (లెక్కగా బీట్లు కొట్టే పరికరం) 'ధుమ్' మీద కాకుండా 'చక్' మీద పెట్టుకుని సాధన చెయ్యండి. మొదట బేస్, స్నేర్ మాత్రమే, పాట మొత్తం. తర్వాత గిటార్. రాగం వాయించేవాళ్ళు ఆఖర్న. రికార్డులో ఉన్న వేగానికి 70 శాతం దగ్గర మొదలుపెట్టి, మూడుసార్లు వరసగా చెదరకుండా వస్తేనే 4 బీట్లు పెంచండి. స్టేజీ మీద ఎలాగూ ఇంకో 5, 6 బీట్లు పెరుగుతాయి, కాబట్టి రిహార్సల్లో రికార్డు వేగాన్ని దాటనే వద్దు.

బేస్ అతను చాలా నోట్లు వాయిస్తుంటే ఆపించండి. కార్డ్ మూలస్వరం, దాని పంచమం, అంతే. డి కార్డ్‌కి డి, ఏ. జి కార్డ్‌కి జి, డి. కార్డ్ మారే ముందు ఒక్క చోట నడక వేస్తే చాలు.

ఇక పాటలు. ఆల్బమ్‌ల వరస మీకు తెలిసే ఉంటుంది కానీ వాయించేవాళ్ళ వైపు నుంచి చూడండి. 1984 'రెడ్ రోజెస్ ఫర్ మీ', ఎల్విస్ కాస్టెల్లో ప్రొడ్యూస్ చేసిన 1985 'రమ్, సోడమీ అండ్ ద ల్యాష్', ఈ రెంటిలో వాద్యాలు తక్కువ, ఆరుగురితో దాదాపు ఉన్నదున్నట్టు దించొచ్చు. 1988 'ఇఫ్ ఐ షుడ్ ఫాల్ ఫ్రమ్ గ్రేస్ విత్ గాడ్' వచ్చేసరికి ఫిలిప్ షెవ్రాన్ గిటార్, టెర్రీ వుడ్స్ సిటర్న్ (మాండొలిన్ లాంటి జంట తీగల వాద్యం) కూడా చేరి ఎనిమిది మంది అయ్యారు, పైన బాకాలు, తీగ వాద్యాలు. అందులోంచి 'ఫియెస్తా' లాంటివి ఎంచుకుంటే బాకాలు లేక వెలితిగా వినిపిస్తుంది. వద్దు.

నేనైతే ఇలా పెడతాను. 'స్ట్రీమ్స్ ఆఫ్ విస్కీ'తో మొదలు, రెండున్నర నిమిషాలు. ఆగకుండా ఆ 1988 ఆల్బమ్ పేరు పాట 'ఇఫ్ ఐ షుడ్ ఫాల్...', అది ఇంకా చిన్నది. అక్కడ ఊపిరి కోసం 'ఎ పెయిర్ ఆఫ్ బ్రౌన్ ఐస్', ఐదు నిమిషాలు. తర్వాత 'డర్టీ ఓల్డ్ టౌన్'. తర్వాత 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్', నాలుగున్నర. ఆఖర్న 'సాలీ మక్‌లెనన్'. మొత్తం దాదాపు 21 నిమిషాలు. మిగిలిన నాలుగు నిమిషాలూ శ్రుతి సరిచేసుకోవడానికి, విజిల్ మార్చడానికి, మాట్లాడటానికి పోతాయి. షెవ్రాన్ రాసిన 'థౌజండ్స్ ఆర్ సెయిలింగ్' పెట్టాలని అందరికీ ఉంటుంది. ఓడలెక్కి అమెరికా పోయినవాళ్ళ పాట కదా, మన ఊళ్ళలో ఇంటికొకరు అక్కడున్నవాళ్ళకి ఎక్కడో తగులుతుంది. కానీ అది ఐదున్నర నిమిషాలు. పెట్టాలంటే 'ఫెయిరీటేల్' తీసెయ్యాలి. మార్చి నెల కాబట్టి నా ఓటు తీసెయ్యడానికే, కానీ జనం ఊరుకోరు.

'ద బ్యాండ్ ప్లేడ్ వాల్ట్‌జింగ్ మటిల్డా' మాత్రం ఎంత ఇష్టమైనా తలపెట్టొద్దు. ఎనిమిది నిమిషాల పాట. బిర్యానీ తింటున్న జనం ముందు మొదటి ప్రపంచ యుద్ధం నాటి గల్లిపొలి పోరు నిలబడదు.

వేణు_టు_విజిల్:

విజిల్ గురించి. చెల్లెమ్మకి చెప్పండి, సగం పని ఆమెకి ముందే వచ్చు, మిగతా సగం మాత్రం మరిచిపోవాలి.

డి విజిల్ కొనండి. ఆరు రంధ్రాలూ మూస్తే డి. కింది నుంచి ఒక్కొక్కటి తెరుస్తూ పోతే ఈ, ఎఫ్ షార్ప్, జి, ఏ, బి, సి షార్ప్. అంటే డి ని సా అనుకుంటే నేరుగా శంకరాభరణం. మామూలు సి కావాలంటే పై రంధ్రం తెరిచి, రెండూ మూడూ మూసి, కిందివి మూడూ తెరవాలి. ఆ ఒక్క వేలి మార్పుతో జి శ్రుతి పాటలు కూడా వచ్చేస్తాయి. తికమక ఎక్కడంటే, కర్ణాటక వేణువులో పై రెండు రంధ్రాలు మూస్తే సా. ఇక్కడ అవే వేళ్ళకి 'ఏ' పలుకుతుంది. పాత అలవాటుతో పోతే పాట మొత్తం ఇంకో శ్రుతిలోకి వెళ్ళిపోతుంది. మొదటి వారం స్వరాల పేర్లు పక్కన పెట్టి అక్షరాలతోనే సాధన చేస్తే మంచిది.

పెదవులతో పనిలేదు. గాలిదారి విజిల్ ముక్కులోనే (నోట్లో పెట్టుకునే కొన) ఉంది, ఊదితే పలుకుతుంది. పై స్థాయికి వేళ్ళు మారవు, గాలి ఒత్తిడి మాత్రమే పెరగాలి. పై డి దగ్గర స్వరం చీలుతుంటే పై రంధ్రం మీది వేలు ఎత్తండి, శుభ్రంగా వస్తుంది. వేగం పాటల్లో కీచుమనడానికి మొదటి కారణం గాలి కాదు, వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయకపోవడం. వేలి కొనతో కాదు, మెత్తటి భాగంతో మూయాలి.

గమకాలు వద్దు. సగం రంధ్రం మీద జారే అలవాటు ఈ పాటల్లో పెడితే తేనె పోసినట్టు అయిపోతుంది. ఐరిష్ పద్ధతిలో అలంకారం అంటే కోత: ఒకే స్వరం రెండుసార్లు రావాల్సినచోట పై వేలు ఒక్క క్షణం ఎత్తి దించడం. లేదా తట్టు: కింది వేలితో ఓసారి కొట్టి తీసెయ్యడం. పోగ్స్‌లో విజిల్ వాయించే స్పైడర్ స్టేసీ వాయింపులో అవి కూడా తక్కువే. నేరుగా, గట్టిగా, రాగం ఉన్నదున్నట్టు వాయిస్తాడు. అదే కాపీ కొట్టండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: శ్రుతి తేల్చుకునే దాకా రెండో విజిల్ కొనొద్దు. గాయకుడి గొంతు డి లో, జి లో సరిపోతే డి విజిల్ ఒక్కటే చాలు. గొంతు కిందికి కావాలని సి కి దించితే సి విజిల్ కావాలి, అది సి, ఎఫ్ శ్రుతులకి పనికొస్తుంది. మన దగ్గర ఆన్‌లైన్‌లో జనరేషన్, ఫెడోగ్, క్లార్క్ కంపెనీలవి దొరుకుతుంటాయి. జనరేషన్ విజిల్‌కి ప్లాస్టిక్ తల జిగురుతో అతికి ఉంటుంది. వేడినీళ్ళలో (మరిగేవి కాదు) తలని ఓ నిమిషం ముంచి, మెల్లగా తిప్పుతూ లాగితే ఊడుతుంది. ఆ తర్వాత తలని పైకి లాగితే శ్రుతి తగ్గుతుంది, లోపలికి నొక్కితే పెరుగుతుంది. ఇది చెయ్యకపోతే అకార్డియన్‌తో శ్రుతి కలవదు, ఎందుకంటే అకార్డియన్ శ్రుతి మీరు మార్చలేరు.

ఏసీ గదిలో చల్లబడిన విజిల్ శ్రుతి తక్కువ పలుకుతుంది. ముందు పాటలో విజిల్ లేకపోతే అరచేతిలో పెట్టుకుని వెచ్చగా ఉంచాలి.

బెలోస్_బాబాయ్:

హార్మోనియం వాద్యకారుడికి: కుడిచేతి వేళ్ళు మీకు వచ్చినవే, కానీ మెట్లు కనిపించవు. అద్దం ముందు నిలబడి చూసుకోకండి, అలవాటైపోతుంది. నల్ల మెట్ల జట్లని వేళ్ళతో తడిమి చోటు పట్టుకోవడం నేర్చుకోండి.

అసలు తేడా గాలి దగ్గర. మన హార్మోనియంలో లోపల గాలి నిల్వ ఉండే తిత్తి ఉంటుంది. పంపు ఓ క్షణం ఆగినా స్వరం ఆగదు. అకార్డియన్‌లో నిల్వ లేదు. ఎడమచెయ్యి ఎంత లాగితే అంత మోత, ఆపితే నిశ్శబ్దం. కొత్తలో స్వరం ఎగిరెగిరి పడటానికి కారణం ఇదే. ఒక్క మెట్టు నొక్కి, 8 బీట్లు లాగుతూ, 8 బీట్లు నొక్కుతూ మోత ఒకే తీరుగా వచ్చేదాకా చెయ్యండి. దిశ మార్చడం పాదం చివరే, ప్రతి 2 లేదా 4 బార్లకి ఒకసారి. మాట మధ్యలో మారిస్తే గాయకుడి ఊపిరి తెగినట్టు వినిపిస్తుంది. ముయ్యాలంటే గాలి బటన్ నొక్కి ముయ్యాలి. మెట్టు కానీ బటన్ కానీ నొక్కకుండా బలవంతంగా నొక్కితే బెలోస్ (గాలి తిత్తి) మూలలు చిరుగుతాయి.

ఎడమచేతి బటన్లు: గుంట ఉన్నది సి. అక్కడి నుంచి గడ్డం వైపు పోతే జి, డి, ఏ. మీ పాటలకి కావాల్సిన జి, డి, ఏ మూడూ పక్కపక్కనే. కానీ నా మాట వింటే బ్యాండ్‌లో ఎడమచేతి బటన్లు అసలు ముట్టుకోవద్దు. బేస్ గిటార్ ఉంది కదా, రెండూ కలిస్తే కింద అంతా బురద. ఎడమచెయ్యి గాలికే వదిలెయ్యండి.

రిజిస్టర్ స్విచ్ ఉంటే ఒకే రీడ్ పలికేది ఎంచుకోండి. రెండు మూడు రీడ్లు కలిసి అలలుగా వణికేది ఇంట్లో బాగుంటుంది కానీ పక్కన విజిల్ పలికితే రెండిట్లో ఒకటి శ్రుతి తప్పినట్టు ఉంటుంది. ఫోన్‌లో ట్యూనర్ పెట్టి అకార్డియన్ 'ఏ' స్వరం ఎన్ని హెర్ట్జ్ ఉందో చూడండి. 440 ఉండొచ్చు, 442 ఉండొచ్చు. ఎంతుంటే మిగతా ఐదుగురూ అంతకే శ్రుతి చేసుకోవాలి.

చాలా పాత అకార్డియన్లలో రీడ్లని మైనంతో అతికిస్తారు. మార్చి ఎండలో కారు డిక్కీలో రెండు గంటలు పెడితే మైనం మెత్తబడి రీడ్ జారుతుంది. అరువు వస్తువు అన్నారు కాబట్టి మరీ చెప్తున్నా.

అకార్డియన్ లొంగకపోతే హార్మోనియమే పెట్టొచ్చా అని అడుగుతారేమో. నెమ్మది పాటల్లో పెట్టొచ్చు, రీడ్ ధ్వని దగ్గరగానే ఉంటుంది. వేగం పాటల్లో పోగ్స్ అకార్డియన్ వాద్యకారుడు జేమ్స్ ఫెర్న్‌లీ బెలోస్‌తో ఇచ్చే కుదుపులు దాంట్లో రావు, వెనక తివాచీ పరిచినట్టు ఉండిపోతుంది.

నాలుగు_తీగలు:

బ్యాంజో కొనేటప్పుడు జాగ్రత్త. ఇక్కడ ఆన్‌లైన్‌లో 'బ్యాంజో' అని వెతికితే సగం ఫలితాలు మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్‌వే వస్తాయి. ఫోటోలో గుండ్రటి చర్మం, పొడుగు మెడ ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి.

మాండొలిన్ అతను వాయించేది జి, డి, ఏ, ఈ శ్రుతి అయితే పండగే. ఐరిష్ టెనర్ బ్యాంజోకి అదే శ్రుతి, ఒక స్థాయి కింద. డబ్లినర్స్ అనే ఐరిష్ జానపద బ్యాండ్‌లో బార్నీ మెకెన్నా వాయింపుతో ఈ శ్రుతి స్థిరపడింది. వేళ్ళ పటం మొత్తం అదే, కాకపోతే మెట్ల మధ్య దూరం ఎక్కువ. 17 మెట్ల పొట్టి మెడ దొరికితే మాండొలిన్ చేతికి సుఖం, 19 మెట్లదైతే చిటికెన వేలు ఎక్కువ వాడాలి. ఒకవేళ అతను కర్ణాటక పద్ధతిలో సా-పా-సా-పా శ్రుతి పెట్టుకునే మనిషైతే ఈ లాభం ఏమీ లేదు, కొత్తగా నేర్చుకోవాల్సిందే.

టెనర్ బ్యాంజోకి షాపులో వేసి ఇచ్చే తీగలు తరచుగా సి, జి, డి, ఏ శ్రుతికి సరిపడా సన్నవి. వాటినే కిందికి దించితే వదులై గరగరమంటాయి. 12, 20, 30, 40 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉన్న సెట్ వెయ్యండి. 40 మందం తీగ నట్ గాడిలో పట్టకపోతే సన్నటి ఆకురాయితో కొంచెం వెడల్పు చెయ్యాలి, లోతు పెంచకూడదు. తీగలు ఒకేసారి అన్నీ విప్పకండి, బ్రిడ్జి అతికించి ఉండదు, కింద పడుతుంది. ఒక్కొక్కటే మార్చండి. చివర్లో 12వ మెట్టు దగ్గర నొక్కి మీటిన స్వరం, అక్కడే తాకి మీటిన హార్మోనిక్ ఒకటేనా చూడండి. నొక్కింది ఎక్కువ పలికితే బ్రిడ్జి తోక వైపు జరపాలి, తక్కువ పలికితే మెడ వైపు.

పిక్ పల్చనిది, 0.6 మిల్లీమీటర్ల నైలాన్. ఒకే స్వరం మీద కింద-పైన-కింద అని మూడు దెబ్బల ట్రిప్లెట్ ఈ వాద్యానికి ప్రాణం. మందం పిక్‌తో ఆ వేగంలో తీగకి తట్టుకుని ఆగిపోతుంది.

మార్చిలోపు టెనర్ దొరక్కపోతే మామూలు అయిదు తీగల బ్యాంజో తీసుకుని, పొట్టి అయిదో తీగ విప్పేసి, మొదటి తీగని డి నుంచి ఈ కి పెంచండి. గిటార్ సన్నటి నాలుగు తీగల శ్రుతి వచ్చేస్తుంది. అప్పుడు గిటారిస్టు బ్యాంజో, మాండొలిన్ అతను మాండొలిన్. అసలు నా లెక్కలో అదే సులువు. టెర్రీ వుడ్స్ వచ్చాక వాళ్ళ ధ్వనిలో ఆ జంట తీగల మోత ఉండనే ఉంది.

మూసీ_తీరం:

చాలా థాంక్స్. మెట్రోనోమ్ 'చక్' మీద పెడితే పది సెకన్లలో దొంగ దొరికాడు, గిటారే. మాండొలిన్ శ్రుతి జి, డి, ఏ, ఈ నే. డ్రమ్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ఫుల్ కిట్ పెట్టేంత చోటు అక్కడ లేదు.

దప్పు_దరువు:

చోటు లేకపోతెనే మంచిదన్నా. పోగ్స్ డ్రమ్మర్ ఆండ్రూ రాంకెన్ మొదట్ల నిలబడి, స్నేర్, ఫ్లోర్ టామ్ పెట్టుకోని కొట్టెటోడు. మీరు గూడ గంతే పెట్టుకోండ్రి. ఫ్లోర్ టామ్ 'ధుమ్', స్నేర్ 'చక్'. సింబల్ ఒక్కటి ఉంటే ఉండనీ, పాట ఎత్తుకున్నప్పుడు ఓసారి, ముగింపుల ఓసారి. అదే పనిగ సింబల్ కొడితే విజిల్, బ్యాంజో రెండూ మునుగుతయ్, మూడిటి మోతా ఆ పైనే కదా ఉండేది.

'ఫెయిరీటేల్' నెమ్మదిగ పియానోతోటి మొదలైతది, తర్వాత 6/8 అందుకుంటది. మీ పియానో భాగం అకార్డియన్ మీదనే కానియ్యుండ్రి. తీన్మార్ చేతిల ఉన్నోళ్ళకు మూడు మూడు లెక్క కొత్తగాదు. కానీ తీన్మార్ ఊపు అందుల పెట్టొద్దు. బరువు ఒకటి మీద, నాలుగు మీద, మిగిలినయి తేలికగ. లేకుంటే పాట బారాత్‌కు పోతది.

టామ్‌కు బదులు దప్పు పెడదామంటరేమో. ధ్వని మస్తుగుంటది, కానీ ఏసీల చర్మం వదులైతది, రెండో పాటకే మోగుడు బందైతది. హోటల్ల మంట పెట్టి కాగపెట్టనియ్యరు గదా. ప్లాస్టిక్ చర్మం ఉన్నది దొరికితే చూడుండ్రి.

బీర్ ట్రే సంగతి. స్పైడర్ స్టేసీ ట్రేతోటి నెత్తి మీద కొట్టుకునుడు చూసి ప్రతోడు అదే చేస్తడు. పల్చటి రేకు ట్రే తీసుకోండ్రి, స్టీలు పళ్ళెం వద్దు. అంచుతోటి కాదు, మధ్య పల్లంతోటి తగలాలె. నెత్తి ఎందుకు, మోచెయ్యికి కొట్టినా గదే చప్పుడు. మైక్ దగ్గర పట్టుకోవాలె, అంతే.

కింగ్స్‌క్రాస్_82:

దప్పు_దరువు గారితో ఒక్కచోట ఒప్పుకోను. 'ఇఫ్ ఐ షుడ్ ఫాల్...'కి రెండు డ్రమ్ములు చాలవు. అది 1988 ధ్వని, కింద కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) తన్నుతూ ఉండాలి. కిక్ ఒక్కటి చేర్చండి, 18 అంగుళాలది చాలు, లోపల దుప్పటి కుక్కి. అప్పుడు మనిషి కూర్చోవాల్సొస్తుంది, కూర్చోనివ్వండి. మిగతా పాటలకి ఆయన చెప్పిందే సరి.

మిక్సర్_మూర్తి:

చిన్న గది, ఆరుగురు, అన్నీ కీచు వాద్యాలు. ఫీడ్‌బ్యాక్ ఖాయం అనుకునే సిద్ధపడండి.

బ్యాంజో చర్మం స్వయంగా ఒక మైక్ లాంటిది, మానిటర్ ముందు నిలబడితే కూస్తుంది. వెనకవైపు చర్మానికీ కడ్డీకీ మధ్య, బ్రిడ్జి కింద పడేలా మెత్తటి గుడ్డ దోపండి. మరీ గట్టిగా కుక్కితే డబ్బా చప్పుడు వస్తుంది. మైక్ చర్మం అంచు దగ్గర, 15 సెంటీమీటర్ల దూరంలో.

విజిల్ ధ్వని కింది చివర నుంచి వస్తుందనుకుని చాలామంది అక్కడ మైక్ పెడతారు. ఎక్కువ ధ్వని వచ్చేది నోటి దగ్గరి కిటికీ నుంచి, తెరిచిన రంధ్రాల నుంచి. మైక్ కిటికీకి కొంచెం పైన, పక్కకి వంచి, గాలి నేరుగా తగలకుండా పెట్టాలి. పాడేదీ ఆమే కాబట్టి ఒక్క మైక్‌తో సరిపెట్టొచ్చు: పాడేటప్పుడు దగ్గరికి, విజిల్‌కి ఒక జానెడు వెనక్కి. పై స్థాయిలో ఇంకొంచెం వెనక్కి. ఆ ఛానల్‌లో 150 హెర్ట్జ్ కింద కోసెయ్యండి, 3 కిలోహెర్ట్జ్ దగ్గర 3, 4 డెసిబెల్స్ తగ్గించండి. లేకపోతే మొదటి టేబుల్ వాళ్ళు లేచిపోతారు.

అకార్డియన్‌కి కుడివైపు జాలీ ముందు ఒక్క మైక్, 15 నుంచి 20 సెంటీమీటర్లు. ఎడమ వైపు కదులుతూ ఉంటుంది, పైగా బటన్లు వాడట్లేదు, దానికి మైక్ అక్కర్లేదు. గిటార్, బేస్ నేరుగా డీఐ బాక్స్‌లోకి (వాద్యం వైరుని మిక్సర్‌కి కలిపే పెట్టె). స్నేర్‌కి ఆ గదిలో మైక్ వద్దు, కర్రలకి బదులు పుల్లల కట్టలా ఉండే హాట్ రాడ్స్ వాడమనండి.

సౌండ్ చెక్‌లో మొదట లెవెల్ పెట్టాల్సింది గొంతుకి. మిగతావి దాని కిందికి తెచ్చుకోవాలి. షేన్ రాసిన మాటలు వినపడకపోతే ఈ పాటలు వాయించడం దేనికి? తర్వాత బేస్, ఆ తర్వాత అకార్డియన్, బ్యాంజో. విజిల్ ఆఖర్న, అది ఎంత తగ్గించినా వినపడుతుంది.

లిఫీ_ఒడ్డున:

డబ్లిన్ నుంచి. వాయింపు గురించి పైవాళ్ళు చెప్పేశారు, నేను పాడటం గురించి, జనం గురించి చెప్తాను.

తాగినట్టు నటిస్తూ పాడొద్దు. షేన్ యాసలో మాటల చివర్లు కరిగిపోతాయి కానీ మాట మొదలు గట్టిగా పడుతుంది. సాహిత్యం కాగితం మీద పెట్టుకుని, రాగం లేకుండా తాళానికి చదవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. 'సాలీ మక్‌లెనన్'లో ఊపిరి దొరక్క చరణం చివర మింగేసేవాళ్ళే ఎక్కువ. ఆ పాట కోరస్‌లో గుంపు అందుకునే జవాబులుంటాయి, ఐదుగురూ మైక్ లేకుండానే అరవాలి.

'ఫెయిరీటేల్' సంగతి. పోగ్స్ బ్యాంజో వాద్యకారుడు జెమ్ ఫైనర్, షేన్ కలిసి రాసింది, 1987లో వచ్చింది. మొదట బేసిస్ట్ కాట్ ఓరియోర్డన్‌తో పాడించాలనుకున్నారు, ఆమె 1986లో వెళ్ళిపోయింది. నిర్మాత స్టీవ్ లిల్లీవైట్ తన భార్య కర్‌స్టీ మెకాల్‌తో ఇంటి స్టూడియోలో పాడించి తెచ్చాడు. రికార్డులో డి శ్రుతి. మీ డి విజిల్‌కి సరిగ్గా అతుకుతుంది. ఇద్దరూ తిట్టుకునే చరణంలో ఒక మాట ఇప్పుడు స్వలింగ సంపర్కుల పట్ల బూతుగా లెక్క. 2020లో బీబీసీ రేడియో 1 ఆ చోట మాట మార్చిన వెర్షన్ వేసింది. కర్‌స్టీ స్వయంగా వేరే మాటలతో పాడిన రూపం ఉంది, అదే పాడుకోండి. రెస్టారెంట్‌లో కుటుంబాలుంటాయి, పాట ఏం తగ్గదు. ఆమె అందుకునే చోటు నుంచి ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ పాడాలి, జనాన్ని చూస్తూ కాదు. అది దెబ్బలాట.

మార్చిలో క్రిస్మస్ పాట ఏమిటని మొహమాటపడక్కర్లేదు. 2023 డిసెంబర్ 8న ఐర్లాండ్‌లోని నీనాలో షేన్ అంత్యక్రియలప్పుడు చర్చిలోనే గ్లెన్ హాన్సర్డ్, లీసా ఓ'నీల్ ఈ పాట పాడారు. ఇంటివాళ్ళు లేచి డాన్స్ చేశారు. శవపేటిక ముందు చెల్లిన పాట ఓపెన్ మైక్‌లో చెల్లదా.

రెండు పాటల మధ్య శ్రుతి చేసుకునేటప్పుడు ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఇది చెప్పండి: 'డర్టీ ఓల్డ్ టౌన్' ఐర్లాండ్ గురించి కాదు. ఇంగ్లండ్‌లోని సాల్‌ఫోర్డ్ గురించి యూవన్ మెకాల్ రాసింది. ఆయన కూతురే కర్‌స్టీ మెకాల్. ఆ రెండు పాటలూ వెంటవెంటనే పెట్టారు కాబట్టి సరిగ్గా కుదురుతుంది.

ఇంకా పనికొచ్చేది: స్పైడర్ స్టేసీ, జెమ్ ఫైనర్, జేమ్స్ ఫెర్న్‌లీ 2025లో వేరే గాయకులతో కలిసి పాత ఆల్బమ్ పాటలు వేదికల మీద వాయించారు. వీడియోలు దొరికితే గొంతు వదిలేసి అకార్డియన్ ఎక్కడ ఆగుతుందో చూడండి. చరణాల్లో చాలాసేపు తగ్గి ఉండి, మధ్యలో వచ్చే వాద్యభాగంలో ఒక్కసారిగా మీద పడుతుంది. మీ అకార్డియన్ పాట పొడుగునా వాయిస్తుంటే కోరస్ లేవదు.

మూసీ_తీరం:

'థౌజండ్స్' తీసేశాం, 'ఫెయిరీటేల్' ఉంచాం. మార్చిన మాటలతోనే. అకార్డియన్ 'ఏ' 442 చూపిస్తోంది, అందరం దానికే శ్రుతి చేసుకుంటున్నాం. ఒక్క సందేహం: విజిల్ రెండు పాటలయ్యేసరికి గొంతు పట్టేసినట్టు మూగబోతోంది. పగిలిందా?

వేణు_టు_విజిల్:

పగల్లేదు, గాలిదారిలో నోటి తడి చేరింది. కిటికీని వేలితో మూసి, విజిల్ ముక్కులోంచి ఒక్కసారి గట్టిగా ఊదండి, తడి బయటికొస్తుంది. మూయకుండా ఊదితే కీచుమని హాలంతా వినిపిస్తుంది. పాట మధ్యలో అయితే లోపలికి ఒక్క పీల్పు చాలు. ఆ రోజు మధ్యాహ్నం గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క నీళ్ళలో కలిపి గాలిదారిలో పోసి, కడగకుండా ఆరనివ్వండి. తడి బొట్లు కట్టకుండా పల్చగా జారిపోతుంది. 442కి తల ఒక మిల్లీమీటరు లోపలికి నొక్కాల్సొస్తుందేమో, అది ఏసీ వేశాక, అదే గదిలో చూసుకోండి.